మా ముత్తాత మిలటరీలో ఏం చేశాడో తెలుసుకోవాలంటే ఎక్కడ అడగాలి? (రేపల్లె దగ్గర రైతు, 1942-46)

రేపల్లె_పిల్ల:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి.

మా నాన్న వాళ్ళ తాత గురించి అడుగుతున్నాను. మాది రేపల్లె దగ్గర కాలవ కింద పల్లె. ఆయన రైతు. రెండెకరాలు సొంతం, ఇంకో మూడెకరాలు కౌలుకి చేసేవాడట. వరి, వరి కోశాక మినుములు, బతుకంతా అదే. మధ్యలో నాలుగేళ్ళు మాత్రం మిలటరీకి వెళ్ళొచ్చాడు. 1942లో వెళ్ళి 1946లో తిరిగొచ్చాడని మా తాతయ్య చెబుతారు (తాతయ్య అంటే ఆయన కొడుకు, ఇప్పుడు 82 ఏళ్ళు). ఊళ్ళో పెద్దవాళ్ళు ఇప్పటికీ మా ఇంటిని మిలటరీ వాళ్ళ ఇల్లు అనే అంటారు. అంత పేరుంది కదా, మరి ఏ రెజిమెంటు, ఎక్కడ ఉన్నాడు, తుపాకీ పట్టాడా లేదా అని అడిగితే ఇంట్లో ఒక్కరికీ తెలీదు. ఆయన 1987లో పోయాడు, అప్పటికి నేను పుట్టలేదు.

ఇన్నాళ్ళకి ఎందుకు అడుగుతున్నానంటే, పోయిన నెల పాత పెంకుటిల్లు పడగొడుతుంటే అటక మీద ఒక రేకు పెట్టె దొరికింది. అందులో ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు ముక్క, నక్షత్రం ఆకారంలో రెండు బిళ్ళలు, గుండ్రంగా తెల్లటి బిళ్ళ ఒకటి, చెమ్మకి పేజీలు అతుక్కుపోయిన చిన్న పుస్తకం ఉన్నాయి. పుస్తకం ఇంగ్లీషుది అని నాన్న అన్నారు, కానీ చదువుతుంటే ఒక్క మాట కూడా ఇంగ్లీషులా లేదంట. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఇంకా చూడలేదు. ఆయన మూడో తరగతి దాకా చదివాడు, అదీ తెలుగు. ఇంగ్లీషు పుస్తకం ఆయన దగ్గర ఎందుకుందో మాకు అర్థం కావట్లేదు.

తాతయ్యకి తెలిసిన ముక్కలు కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. ఎవరికైనా ఏదైనా తడుతుందేమో.

ఆయన ఎప్పుడైనా మిలటరీ మాట ఎత్తితే "మణిపూరం రోడ్డులో దిగాం" అనేవాడట. మణిపూర్‌లో రోడ్డు మీద దిగడమేంటో తెలీదు. యుద్ధం మధ్యలో ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు ఒళ్ళంతా పసుపు రాసినట్టు పచ్చగా ఉన్నాడట, మా ముత్తవ్వ పచ్చకామెర్లనుకుని ఏడ్చి, పక్కూరు తీసుకెళ్ళి పసరు పోయించిందట. ఆయన వద్దు వద్దంటూనే తాగాడట. వచ్చేశాక పెన్షన్ రాలేదు. సంతకం పెట్టాల్సిన చోట పెట్టకుండా వచ్చాడు పిచ్చోడు అని ఊళ్ళో అనేవాళ్ళట, మా ఇంట్లో కూడా అదే నమ్మారు. ఎడ్లను హిందీలో అదిలించేవాడని పిల్లలు నవ్వుకునేవాళ్ళట.

ఇంకోటి. 1950ల్లో మా ఊరి మిల్లు వాళ్ళు లారీ కొని, నువ్వు మిలటరీవాడివి కదా నేర్చుకుని తోలు, నెల జీతం ఇస్తాం అని ఇంటికొచ్చి అడిగారట. కౌలు రైతుకి నెల జీతం అంటే మామూలు మాట కాదు. ఆయన లేచి పొలం వెళ్ళిపోయాడట, అవునని కాదని ఏమీ చెప్పకుండా.

ఆయన గురించి ఊళ్ళో అందరూ చెప్పేది మాత్రం మిలటరీ సంగతి కాదు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి 57 ఏళ్ళు. కృష్ణ దాటి అవతలికి వెళ్ళి పది రోజులు రాలేదు. శవాల వాసనకి కుర్రాళ్ళే వెనక్కి వచ్చేస్తుంటే ఈయన మూతికి తువ్వాలు కట్టుకుని, మనుషుల్నీ గొడ్లనీ ఎత్తి పూడ్చాడట. తిరిగొచ్చాక అన్నం దగ్గర కూర్చుని "ఇంతకుముందు చూసిందే" అన్నాడట. ఆ ఒక్క మాటే. తాతయ్య ఇది చెప్పినప్పట్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు. ఇంతకుముందు ఏం చూశాడు? ఎక్కడ చూశాడు?

రికార్డులు ఎక్కడుంటాయి, ఎవరిని అడగాలి, దయచేసి చెప్పండి.

పతకాల_పెట్టె:

ముందు ఒక్క పని చేయండి. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, ఆ బిళ్ళల్ని చింతపండు పెట్టి తోమొద్దని చెప్పండి. మన ఇళ్ళల్లో ఇత్తడి కనపడితే చెయ్యి ఊరుకోదు. ఇరవై ఏళ్ళుగా పాత పతకాలు చూస్తున్నాను, యుద్ధం తట్టుకున్న అక్షరాలు చింతపండుకి పోయిన కేసులు ఎన్నో.

ఎందుకంటే అక్షరాలే మీకు దారి. రెండో ప్రపంచ యుద్ధం పతకాల మీద బ్రిటిష్ సైనికులకి పేరు చెక్కలేదు, కానీ మన సైనికులకి ఇచ్చినవాటి మీద చెక్కారు. నక్షత్రం వెనక వైపు నున్నగా ఉంటుంది, అక్కడ చూడండి. గుండ్రటిదానికైతే అంచు మీద, నాణెం అంచులాగా, చుట్టూ ఉంటుంది. నంబరు, హోదా, పేరు, చివర్లో దళం పేరు పొడి అక్షరాల్లో. పగటి వెలుతురులో పక్కకి వాల్చి ఫోన్‌తో ఫోటో తీయమనండి, ఫ్లాష్ వద్దు.

రిబ్బన్లు ఏమైనా మిగిలాయా? ముదురు నీలం మధ్యలో వెడల్పాటి ఎర్ర పట్టీ, రెండు పక్కలా సన్నటి నారింజ గీతలు ఉంటే అది బర్మా స్టార్. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం సమానంగా ఉంటే 1939-45 స్టార్. గుండ్రటిదాని వెనక సింహం ఒక రెండు తలల డ్రాగన్ మీద నిలబడి ఉంటే వార్ మెడల్.

రేపల్లె_పిల్ల:

థాంక్యూ అండీ. ఫోన్ చేశాను. నిజంగానే మా అత్త చింతపండు నానబెట్టింది! ఆపించాను.

రిబ్బన్లు ఒకదానికే ఉంది, మీరు చెప్పిన నారింజ గీతలది. గుండ్రటిదాని మీద సింహం ఉంది. నక్షత్రం వెనక నాన్న భూతద్దం పెట్టి చదివారు: ఎం.టి. అని, తర్వాత ఆరంకెల నంబరు, డి.వి.ఆర్., ఆయన పేరు (తప్పు స్పెల్లింగుతో), తర్వాత ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అని ఉంది. డి.వి.ఆర్. అంటే డివిజనా?

హవల్దార్_రిటైర్డ్:

అమ్మా, డి.వి.ఆర్. అంటే డ్రైవర్. ఎం.టి. అంటే మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్. ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. ఇప్పుడు దాన్ని ఆర్మీ సర్వీస్ కోర్ అంటున్నాం, నేను 24 ఏళ్ళు చేసింది అందులోనే, అందుకే మీ పోస్టు చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. మీ ముత్తాత లారీ డ్రైవరమ్మా. మిల్లు వాళ్ళు నేర్చుకో అన్నారు కానీ, ఆ రోజుల్లో మీ తాలూకాలో ఆయనంత బాగా లారీ తోలగలిగినవాడు ఇంకొకడు ఉండి ఉండడు.

రికార్డుల సంగతి. ఆర్మీలో పాత సైనికుల కాగితాలన్నీ ఢిల్లీలో ఒకచోట ఉండవు. ఏ దళం రికార్డ్స్ ఆఫీసు ఆ దళానికే. మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్స్ (ఇంజనీర్ల దళం) అయితే బెంగళూరు, ఆర్టిలరీ నాసిక్, సిగ్నల్స్ జబల్పూర్. మీది ఆర్మీ సర్వీస్ కోర్ కాబట్టి బెంగళూరులో ఏఎస్‌సీ రికార్డ్స్ (సౌత్) ఉంది, ముందు అక్కడికి రాయండి. కంచర గాడిదల దళాలవైతే బీహార్‌లో గయ, కానీ మీ నంబరు ముందు ఎం.టి. ఉంది కాబట్టి గయ అవసరం రాదు. దరఖాస్తు మీ పేరుతో వద్దు, మీ తాతయ్య పేరుతో పెట్టండి, కన్న కొడుకు కాబట్టి బలం ఉంటుంది. నంబరు, పేరు పతకం మీద ఉన్న స్పెల్లింగుతోనే రాయాలి, మీరు ఇంట్లో రాసుకునేలా కాదు. తండ్రి పేరు, ఊరు, అప్పటి తాలూకా, జిల్లా రాయండి. పతకం ఫోటో, తాతయ్య ఆధార్ జత చేయండి. అదే కాపీ ఒకటి గుంటూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇచ్చి, వాళ్ళ ద్వారా కూడా పంపించమని అడగండి. రెండు దారుల్లో వెళితే ఒకటి తగులుతుంది.

ఒక విషయం ముందే చెప్పాలి, తర్వాత బాధపడకూడదు. పెన్షన్ లేనివాళ్ళ పూర్తి ఫైలు 25 ఏళ్ళ తర్వాత తీసేస్తారు. అది దొరక్కపోవచ్చు. కానీ లాంగ్ రోల్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది, దాన్ని తీసెయ్యరు. అందులో ఒక మనిషికి ఒక వరస: ఎప్పుడు చేరాడు, ఎప్పుడు విడుదలయ్యాడు, ఎందుకు. ఆ ఒక్క వరస వచ్చినా చాలా వచ్చినట్టే అనుకోండి.

ఇక పెన్షన్. ఇది మీ ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. జవానుకి పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. యుద్ధం కోసం తీసుకున్నవాళ్ళని యుద్ధం అయ్యాక కొంత గ్రాట్యుటీ చేతిలో పెట్టి ఇళ్ళకి పంపేశారు. యుద్ధం చివరికి సైన్యంలో మనవాళ్ళు దాదాపు 25 లక్షల మంది, వాళ్ళలో ఎక్కువమంది ఇలాగే ఇంటికి వెళ్ళారు. ఆయన ఏ సంతకమూ మర్చిపోలేదమ్మా. ఆయనకి రావాల్సింది అంతే అని ప్రభుత్వం లెక్క కట్టింది. ఎనభై ఏళ్ళుగా ఆయన్ని పిచ్చోడనడం నాకు చాలా కష్టంగా ఉంది.

పుస్తకం గురించి కూడా ఒక ఊహ. మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండి ఇంగ్లీషు కాకపోతే అది రోమన్ ఉర్దూ అయ్యుంటుంది. అప్పటి ఆర్మీలో పంజాబీకీ, మరాఠాకీ, మన తెలుగువాడికీ కలిపి ఒకటే భాష, హిందుస్తానీ. దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో నేర్పేవాళ్ళు. పరీక్షలు కూడా పెట్టేవాళ్ళు, పాసైతేనే పై హోదా. మూడో తరగతి చదివిన రైతు ఇరవై రెండేళ్ళ వయసులో కొత్త లిపి, కొత్త భాష, లారీ, మూడూ ఒక్కసారే నేర్చుకున్నాడన్నమాట.

మాది తాడేపల్లిగూడెం వైపు, మాధవరం పక్క ఊరు. మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు, అక్కడ రెండు ప్రపంచ యుద్ధాల నుంచి ఇప్పటిదాకా ఇంటింటా సైనికులే. అలాంటి ఊళ్ళో ముసలాళ్ళు అరుగు మీద కూర్చుని బర్మా గురించి మాట్లాడుకుంటుంటే పిల్లలు విని పెరుగుతారు. మీ ముత్తాత ఊళ్ళో ఆయన ఒక్కడే. ఎవరితో మాట్లాడతాడు? బర్మా వైపు దారిలో ఉన్న దిమాపూర్ అంటే అర్థమయ్యే మనిషి పక్కన ఒక్కడు కూడా లేడు కదా.

రంగం_మనవడు:

హవల్దార్ గారు దిమాపూర్ అని రాశారు కాబట్టి మిగతాది నేను చెబుతాను. "మణిపూరం రోడ్డులో దిగాం" అంటే రోడ్డు మీద దిగడం కాదు. దిమాపూర్ రైల్వే స్టేషన్ పేరే అప్పట్లో మణిపూర్ రోడ్. అస్సాం రైలు దిగి ఇంఫాల్ వెళ్ళాలంటే అక్కడే దిగాలి. మీ ముత్తాత స్టేషన్ పేరు సరిగ్గానే చెప్పాడు.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు రంగూన్‌ని రంగం అనేవారు. ఊరికి పదిమంది రంగం వెళ్ళి మిల్లుల్లో, రేవులో కూలి చేసినవారే. మా తాత కూడా రంగంలో ఉండేవాడు. 1942లో జపానోళ్ళు వచ్చినప్పుడు అడవుల గుండా నడిచి బయటపడ్డాడు, ఇంటికొచ్చాక తిండి లేక పయనీర్ కోర్‌లో చేరి మళ్ళీ అదే దిక్కుకి వెళ్ళాడు, ఈసారి రోడ్లు వెయ్యడానికి. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేసిన సంగతి మీ తాతయ్య కూడా విని ఉంటారు. యుద్ధం అప్పుడు మనకి దూరం కాదు, గుమ్మంలోనే ఉంది.

ఆ రోడ్డు గురించి మా తాత చెప్పినంత చెబుతాను. దిమాపూర్ నుంచి 46 మైళ్ళకి కోహిమా, అక్కడి నుంచి ఇంఫాల్. మొత్తం 130 మైళ్ళకి పైనే. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. వానాకాలంలో పయనీర్లు పగలంతా బురద తీస్తే రాత్రికి కొండ మళ్ళీ జారేది. లారీలు బారులు తీరి వెళ్ళేవి. ఒక లారీ చక్రం అంచు దాటితే అంతే, దిగి చూసేవాళ్ళు కాదు, వెనక బండ్లు ఆగకూడదు కాబట్టి. మా తాత డ్రైవర్లని చూసి జాలిపడేవాడు. మాకు కాళ్ళ కింద నేల ఉండేది, వాళ్ళకి అదీ లేదు అనేవాడు. 1944 మార్చి చివర్లో జపాన్ సైన్యం ఆ రోడ్డుని తెంపేసింది, ఇంఫాల్‌లో ఉన్న సైన్యం మొత్తం అక్కడే ఇరుక్కుంది, తిండి కూడా విమానాల్లో వచ్చేది. జూన్ 22న మళ్ళీ తెరుచుకుంది. తెరుచుకున్నాక ముందు వెళ్ళిన లారీల వాళ్ళు దారి పొడవునా ఏం చూసి ఉంటారో నేను రాయను. మూడు నెలలు వానలో, ఎండలో పడున్నవి. మీ ముత్తాత దివిసీమలో ఆ మాట ఎందుకన్నాడో నాకు అర్థమైంది.

ఒళ్ళు పచ్చబడటం కామెర్లు కాదు. మెపాక్రిన్ అని మలేరియా మాత్ర. రోజూ లైనులో నిలబెట్టి మింగించేవారు, అది వాడితే చర్మం పసుపు రంగుకి తిరుగుతుంది. మా తాతకీ అంతే. 1943లో బర్మా సరిహద్దులో గాయంతో వెనక్కి పంపిన ఒక్కొక్కడికి జబ్బుతో పంపినవాళ్ళు 120 మంది. అందుకే అంత బలవంతం. పసరు తాగి ఏమీ కాలేదంటే అదృష్టమే.

ఒక్క మాట, పెద్దవాడిగా. మీ తాతయ్యకి 82 అన్నారు. దరఖాస్తు వచ్చే వారం పెట్టినా పర్వాలేదు, ఈ వారం ఊరెళ్ళి ఆయన పక్కన కూర్చోండి. నేను మా నాన్నని అడుగుదాం అడుగుదాం అనుకుంటూ ఉండగానే ఆయన మాట పడిపోయింది. ఇవన్నీ మా తాత నోట విన్న పదేళ్ళ పిల్లాడి జ్ఞాపకాలు, సరిచూసుకోవడానికి నాకు ఇంకెవరూ లేరు.

చౌక్_పక్కన_ఇల్లు:

నేను చెప్పేది మీకు కష్టంగా అనిపించవచ్చు, అయినా చెప్పాలి. మాది తెనాలి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా అంటూ వచ్చిన జనం మీద తెనాలి స్టేషన్ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చచ్చిపోయారు. రణరంగ చౌక్ అని వాళ్ళ పేరు మీదే ఉంది. మీ ఊరికి గంట దూరం కూడా కాదు. అదే సంవత్సరం మీ ముత్తాత అదే ప్రభుత్వం జీతానికి వెళ్ళాడు. ఇంఫాల్ దగ్గర అవతల వైపు ఆజాద్ హింద్ ఫౌజు కూడా ఉంది, అందులోనూ మనవాళ్ళే. వీరుడు అని గర్వపడే ముందు ఇది కూడా మనసులో పెట్టుకోండి. ద్వేషంతో అనట్లేదు, మా ఇంట్లో మా పెద్దనాన్న ఆ జనంలో ఉన్నాడు, అందుకని.

హవల్దార్_రిటైర్డ్:

మీ పెద్దనాన్నకి నా నమస్కారం. మీ మాట కాదనను. కానీ ఆ అమ్మాయి ఎక్కడా వీరుడు అని రాయలేదు, మళ్ళీ చదవండి. ఆయన ఏం చూశాడు అని మాత్రమే అడిగింది. 1930ల్లో ధాన్యం ధర పడిపోయి డెల్టాలో కౌలు రైతులు అప్పుల్లో మునిగారు, మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1938లో రైతు రుణాల కోసం చట్టమే తేవాల్సి వచ్చింది. ఆ అప్పుల ఇళ్ళకి నెల నెలా మనియార్డరు వచ్చే దారి ఇదొక్కటే కనపడింది. దాన్ని దేశభక్తి అననక్కర్లేదు, ద్రోహం అనీ అననక్కర్లేదు.

పతకాల_పెట్టె:

ఒక చిన్న సవరణ కూడా. బర్మా స్టార్ ఉంది కాబట్టి బర్మాలోకి వెళ్ళాడని అనుకోవద్దు. అస్సాం, బెంగాల్‌లో కొన్ని ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళకీ అది ఇచ్చారు. ఆయన ఆ రోడ్డు మీదే నాలుగేళ్ళూ ఉండి ఉండొచ్చు, 1945లో సైన్యంతో పాటు రంగూన్ దాకా పోయి ఉండొచ్చు. పతకం అది చెప్పదు.

రేపల్లె_పిల్ల:

రెండు వారాలైంది, క్షమించండి. రంగం మనవడు గారూ, మీ పోస్టు చదివిన శనివారమే ఊరెళ్ళాను. పొద్దున బస్సు దిగినప్పట్నుంచి రాత్రి దాకా తాతయ్య దగ్గరే కూర్చున్నాను. మీరందరూ రాసింది మొత్తం చదివి వినిపించాను. ఫోన్‌లో రికార్డ్ చేశాను కూడా.

చౌక్ పక్కన ఇల్లు గారూ, మీ మాట కూడా దాచకుండా చదివాను. తాతయ్య చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆ కాల్పులప్పుడు నాన్న ఊళ్ళోనే ఉన్నాడు, దసరా అయ్యాక వెళ్ళాడు" అన్నారు. అంటే తెలిసే వెళ్ళాడు. కౌలు బాకీకి గొడ్లని తోలుకుపోతామని మనిషిని పంపారట, మా ముత్తవ్వ అప్పటికి ఐదో నెల. ఎడ్లు పోతే ఏడాది లేదు, ఆయన పోతే ఎడ్లు ఉంటాయి అని లెక్క వేసుకున్నాడట. ముత్తవ్వ ఈ మాట తాతయ్యకి ఎన్నోసార్లు చెప్పిందంట, ప్రతిసారీ ఎడ్లు ఉంటాయి అన్న చోట ఆగిపోయేదంట. 1946లో వచ్చినప్పుడు తాతయ్యకి మూడేళ్ళు నిండాయి. వాకిట్లో బూట్లేసుకున్న మనిషిని చూసి గడ్డివాము వెనక దాక్కున్నారట. ఆయన పిలవలేదట, బూట్లు విప్పేసి, ఎడ్ల దగ్గరికెళ్ళి కుడితి కలుపుతూ కూర్చుంటే, కాసేపటికి ఈయనే మెల్లగా వెళ్ళి పక్కన నిలబడ్డారట. గ్రాట్యుటీ డబ్బు కూడా బాకీకే పోయిందట, అదేదో దాచుకున్నాడని మా బంధువులు ఇన్నాళ్ళూ అనుకున్నారు.

పెన్షన్ ముక్క మూడుసార్లు చదివించుకున్నారు తాతయ్య. మూడోసారి కళ్ళద్దాలు తీసి తువ్వాలుతో తుడుచుకుని, మా అత్తని పిలిచి, నువ్వు కూడా విను అన్నారు.

లారీ సంగతి మాత్రం తేలలేదు. ఎందుకు ముట్టుకోలేదో తాతయ్యకి తెలీదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదన్నారు. కాలవ కట్ట మీద బండి తోలేటప్పుడు ఎప్పుడూ కట్ట నడి మధ్యనే తోలేవాడట, ఎదురుగా ఇంకో బండి వస్తే ముందే ఆపేసి, దిగి, ఎడ్ల ముందు నిలబడేవాడట. జాగ్రత్తపరుడు అనుకునేవాళ్ళం అన్నారు.

హవల్దార్ గారూ, పుస్తకం మీరు చెప్పిందే. పేజీలు విడదీయాలంటే చిరుగుతాయేమోనని భయపడ్డాను. గాలికి ఆరబెడితే మధ్యలో నాలుగైదు వాటంతటవే విడిపోయాయి. లారీ తోలేవాళ్ళ కోసం రాసినదే, ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. నూనె ఎక్కడ పొయ్యాలి, చక్రం ఎలా మార్చాలి. పక్కన పెన్సిల్‌తో, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో అర్థాలు రాసుకున్నాడు: "తేల్ - నూనె", "పహియా - చక్రము", "బాయా - ఎడమ". ఆయన చేతిరాత మా ఇంట్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. వేలిముద్ర వేసేవాడేమో అనుకునేవాళ్ళం.

ఒక పేజీలో మలుపుల గురించి ఉంటే పైకి చదివాను. "ఉతార్ పర్ ఆహిస్తా, ఆహిస్తా" అని. దాని పక్కన ఆయన "దిగుడులో నెమ్మది" అని రాసి, కింద రెండు గీతలు కొట్టుకున్నాడు. తాతయ్య మంచం మీద పడుకుని వింటున్నవారు లేచి కూర్చున్నారు. "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. "ఆస్తా, ఆస్తా" అన్నారు. కట్ట మీద నుంచి పొలంలోకి బండి దించేటప్పుడు నాన్న ఎడ్లతో అనేది అదే, నేను కూడా నా ఎడ్లతో అదే అన్నాను ముప్పై ఏళ్ళు, ఎడ్లకి చెప్పే మాట అనుకున్నాను, అన్నారు.

దరఖాస్తు మీద తాతయ్య సంతకం పెట్టారు, నిన్న బెంగళూరుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, గుంటూరు కాపీ సోమవారం నాన్న ఇస్తారు. లాంగ్ రోల్ వరస వస్తే ఇక్కడే పెడతాను.